నల్లతీగ విప్పిన పావుగంట

మొన్న పాలమూరులో మా వీధివాళ్లు కొత్త కారుకు పూజ చేసి కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు వేడి ఇంజను మీద చిందినట్టున్నాయి, మాడిన తియ్యటి వాసన మా వంటింటి కిటికీ దాకా వచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా దేవుడు గుర్తుకు రావాలి. నాకు మాత్రం నారాయణపేటలో మా ఇంటి వాకిలి, తెలంగాణ వచ్చిన కొత్తలో నాయిన కొన్న పాత కారు, దాని మూలంగా చేజారబోయిన అవ్వ కంటిచూపు గుర్తుకొస్తాయి.

అప్పుడు నాకు పదేళ్లు. అమ్మది మగ్గం, నాయినది కిరాయి కారు. దసరా వచ్చిందంటే దేవుడి పటాల కంటే వీటికే ఎక్కువ బంతిపూలు పట్టేవి. లోపల అమ్మ మగ్గానికి పసుపు రాసి బొట్లు పెడుతుంటే, పోలెలకని ఉడుకుతున్న శనగపప్పు వాసన, దంచిన యాలకుల వాసన, వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసన, పక్కింటి మసాలా ఘాటు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి మమ్మల్ని ఒక్క చోట కూర్చోనిచ్చేవి కావు. నాయిన కారు కడిగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ ఎత్తేవాడు. ఇంజనుకు బొట్టు పెట్టడం, కొట్టిన కాయ నీళ్లు ముందు చక్రాల మీద పోయడం నాయిన తల్లి అయిన మా అవ్వ హక్కు. కళ్లలో పొరలు కమ్మి, మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడుతున్న రోజుల్లో కూడా ఆ హక్కును ఇంకొకరికి వదిలే మనిషి కాదు. ఆ ఏడాది చక్రం అనుకొని ఆ నీళ్లన్నీ ఇంజను మీద ఒంపేసింది. నాయిన నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడే అవ్వకు పాలమూరు దవాఖానలో కంటి ఆపరేషన్. నెలల తరబడి తిరిగితే దొరికిన తారీఖు, తప్పితే మళ్లీ మొదటికే. పొద్దున్నే అవ్వ తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకొని వెనక సీట్లో కూర్చుంది. నాయిన కారు తీయబోతే ఎదురుగా మీటర్ల మధ్య ఇంజను బొమ్మ లైటు పసుప్పచ్చగా వెలిగింది. బండి దగ్గు పట్టిన ముసలాయనలా ఊగి ఆగిపోయింది. పండగ మర్నాడు కదా, బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు, ఊళ్లో మిగతా కిరాయి బండ్లన్నీ చుట్టాలను దింపడానికి పోయాయి. మెకానిక్కేమో అత్తగారింట్లో ఉన్నాడు.

అతను ఫోన్లో చెబుతుంటే ఆ ఫోను నేను పట్టుకొని నిల్చున్నాను. ముందు తడి తుడవమన్నాడు. నాయిన పొడిగుడ్డతో తుడిచి, సైకిల్ పంపుతో సందుల్లోకి గాలి కొట్టాడు. తడి ఆరినా బండిలోని కంప్యూటర్ ఇంకా ఆ తప్పునే పట్టుకొని కూర్చుంటుంది, బ్యాటరీ నల్లతీగ విప్పి పావుగంట ఆగితే మరిచిపోతుంది అన్నాడు మెకానిక్. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి, కిటికీ అద్దం దించి ఉంచాలి, ఎర్రతీగ జోలికి పోవద్దు, చేతికి ఇనుము, వెండి ఏదీ ఉండకూడదు. ఇంత చేసినా లైటు మళ్లీ వస్తే బండి కదిలించొద్దని గట్టిగా చెప్పాడు.

నాయిన చేతికి చిన్నప్పుడు మొక్కుకు వేసిన ఇనుప కడెం ఉంది. మనిషి పెరిగాడు గానీ కడెం పెరగలేదు. సబ్బు రాశాం, నూనె రాశాం, తోలు గీరుకుపోయింది తప్ప అది కదల్లేదు. అవ్వ తప్ప ఆడవాళ్లెవరూ బానెట్ కింద చెయ్యి పెట్టగూడదన్నది నాయినకున్న ఇంకో పట్టింపు. గడపలో నిలబడి అంతా చూస్తున్న అమ్మ దిగి వచ్చింది.

"జరుగు. నాయి మట్టిగాజులే," అంది.

పుస్తెలతాడు రవికెలోకి తోసి, కొంగు బిగించి, నాయిన చేతిలోంచి పానా తీసుకుంది. మగ్గం మీద తెగిన పోగు అతికించినంత నిమ్మళంగా నట్టు వదులు చేసి, నల్లతీగ ఎత్తి, పొడిగుడ్డ చుట్టి పక్కకు పెట్టింది. ఇక పావుగంట ఎదురుచూడటమే. వెనక సీట్లోంచి అవ్వ, తను పోసిన నీళ్ల వల్లేనా అని అడిగింది. 

"నా కండ్లకు రాసిపెట్టి లేదు. ఇడిసిపెట్టుండ్రి."

"నువ్వు గమ్మున కూసో అత్తా," అంది అమ్మ.

తీగ మళ్లీ బిగించి నాయిన తాళం తిప్పాడు. ఇంజను కాసేపు ఎక్కువ తక్కువలుగా మోగి, మెల్లగా కుదురుకుంది. పసుప్పచ్చ లైటు ఆరిపోయింది. కారులోని గడియారం మళ్లీ పన్నెండు నుంచి మొదలైంది, రేడియో తన స్టేషన్లన్నీ మరిచిపోయింది. దారి పొడుగునా నాయిన ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఆ లైటు మీద పెట్టి నడిపాడు. వెనక అవ్వకు చెరోపక్క అమ్మ, నేను కూర్చున్నాం. వేళకే అందుకున్నాం.

మర్నాడు దవాఖానలో కట్టు విప్పారు. అవ్వ నాయినను చూసింది, నన్ను దగ్గరికి తీసుకొని చూసింది. తర్వాత అమ్మ ముఖం చూస్తూ చాలాసేపు ఉండిపోయింది.

"ఎంటికలు ఎప్పుడు నెరిసినయే, బిడ్డా?"

అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అవ్వ పోయింది. ఆ కారు తుక్కు కింద పోయింది. ఇప్పుడు షెడ్డుకు పోతే చిన్న మిషను తగిలించి, తప్పేమిటో చదివి, నిమిషంలో తుడిచేస్తారు. పావుగంట ఎదురుచూసే పని లేదు. అమ్మ, నేను ఒకే ఇంట్లో ఉంటాం, రెండు పూటలా ఎదురెదురుగా కూర్చొని తింటాం. అమ్మ తల ఇప్పుడు సగానికి పైగా తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో మాత్రం, ఇంత చూపున్న నాకు తెలియదు.