మార్తమ్మ బ్లాగూ, ముప్పై మూడో మనిషీ

మాచర్ల బస్టాండు వెనక సందులో మొబైలు కొట్టు నాది. పాలిటెక్నిక్ రెండో ఏడులో కాలేజీ వదిలేశాను. చదువు రాక కాదు, నాకు నేర్పడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదు. సాగర్‌లో పడిపోయిన ఫోను మూడో రోజు చేప కడుపులో మోగుతుంటే, ఆ చేపను కోయించి, ఫోను బాగుచేసి, సొంతదారుకు అప్పగించింది నేనే. చేపను నేను తిన్నానని కొందరు అంటారు. అది వేరే సంగతి.

అలాంటి నాకు కూడా అంతుపట్టని విషయం ఒకటి తగిలింది. అది మార్తమ్మత్త బ్లాగు.

మార్తమ్మది ఈపూరు. పదో తరగతి పాసై, మిరప కోతలకు పోతూనే పరీక్షలు రాసి, బస్సు కండక్టరు అయింది. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని. ఆమె విజిల్ వేస్తే ఎదురొచ్చే లారీ కూడా బ్రేకు తొక్కేది. ఒకసారి గొర్రెల మంద రోడ్డు దిగి వరసగా నిలబడింది, నేను కళ్లారా చూశాను. బస్సు ఎంత కిక్కిరిసినా వెనక మెట్టు మీద నిలబడి ఒక్క చూపు చూసి, "అరవై నాలుగు మందున్నారు, ఒకళ్లు టికెట్టు తియ్యలా" అనేది. ఆ ఒక్కడూ ఎవడో వాడంతట వాడే చెయ్యి ఎత్తేవాడు. తలలు లెక్కపెట్టడం ఆమెకు ఊపిరి పీల్చడం లాంటిది. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన ముగిసేసరికి ఈమె లెక్క కూడా ముగిసేది.

కిందటి ఏడు రిటైరైంది. మిషను, సంచి, విజిలు అన్నీ డిపోలో అప్పగించి వచ్చి నా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుంది.

"ఒరేయ్ గోపీ, ఇన్నేళ్లు కొట్టిన టికెట్ల మీద ఊళ్ల పేర్లు ఉండాయి, తారీకులు ఉండాయి. నా పేరు ఒక్కదాని మీద కూడా లేదురా."

"అందుకేంది ఇప్పుడు?"

"బస్సులో చూసినయ్యన్నీ రాస్తా. పుస్తకం మీదన్నా నా పేరు ఉండాల."

ముందు బ్లాగు పెట్టమన్నాను. పేరు 'రైట్ రైట్'. ఒక్క వేలితో టైపు చేసుకుంటూ ఏడాదిలో నలభై ఒక్క కథలు రాసింది. చదివినవాళ్లు తొమ్మిది మంది. నేను రెండు ఫోన్లలో చూసేవాణ్ని కాబట్టి నిజానికి ఎనిమిది.

నరసరావుపేటలో చెన్నకేశవులు అనే ఆయనకు ప్రెస్సు ఉంది. పెళ్లి కార్డులు వేస్తూ, మనసు పుట్టినప్పుడు ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు వేస్తాడు. మార్తమ్మ తన కథలు ప్రింటు తీయించుకుని ఆయన దగ్గరికి పోయింది. ఆయన మొదటి పేజీ చదివి నవ్వాడు, రెండో పేజీ చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు, ఆ తర్వాత వ్యాపారస్తుడైపోయాడు.

"బాగుందమ్మా. కానీ చదివేవాళ్లు ఉండారని నాకు ధైర్యం రావాలి. ఫిబ్రవరి నెలలో వెయ్యి మంది నీ బ్లాగు చదివినట్టు చూపించు. ఉగాదికి పుస్తకం తెస్తా."

ఆమె నా దగ్గరికి వచ్చి చెప్పింది. నేను కాలు మీద కాలు వేసుకున్నాను.

"వెయ్యి ఏందత్తా, మొదటి వారంలో పదివేలు తెస్తా. ఆయన ప్రెస్సు చాలక గుంటూరు పోయి అచ్చేసుకోవాల."

ఫేసుబుక్కులో పేజీ పెట్టాను. మాచర్ల వాట్సాపు గ్రూపుల్లో నేను లేనిది ఒక్కటీ లేదు. డిపో వాళ్లది, చర్చి వాళ్లది, మిరప రేట్లది, కోడిపిల్లల టీకాలది, అన్నిట్లో పెట్టాను. మొదటి కథ మొత్తం, కింద లింకు, పక్కన ఖాకీ చొక్కాలో మార్తమ్మ ఫొటో. మూడు రోజుల్లో పద్దెనిమిది వందల లైకులు. దండాలు పెట్టే చేతులు, పూలగుత్తులు, 'సూపర్ అక్కా'లు లెక్కలేనన్ని. ఫోను తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను.

"మరి బ్లాగులో ఎంతమంది?" అంది.

చూశాను. పద్నాలుగు.

ఫోను ఆపి మళ్లీ వేశాను. పద్నాలుగు. ఇంకో ఫోనులో చూశాను. పదిహేను, ఆ ఒకటీ నేనే. పద్దెనిమిది వందల మంది వచ్చి పద్నాలుగు మంది ఎట్లా అయ్యారో, మిగతావాళ్లు దారిలో ఏమయ్యారో నాకు తెలియలేదు. లెక్క చూపే మిషనే చెడిపోయిందన్నాను.

మార్తమ్మ తల అడ్డంగా ఊపింది. "చెడిపోలేదురా. బస్సు ఆగగానే కిటికీలోంచి తువ్వాళ్లు వేస్తారు చూడు, సీటు ఆపుకోటానికి. నీ లైకులు ఆ తువ్వాళ్లు. వేసినోడు సోడా తాగటానికి పోతాడు. తువ్వాళ్లని లెక్కెట్టి టికెట్లు కొడితే ఎట్టా?"

"మరి మనుషుల్ని ఎక్కించేదెట్టా?"

"అది నీ పనన్నావుగా. పదివేలు తెస్తానన్నది నువ్వే."

ఆలోచించాను. కథ మొత్తం అక్కడే పెడితే అక్కడే చదివేసి పోతున్నారు. సగం పెట్టి ఆపాలి. ఈ ఉపాయం నేనే కనిపెట్టాననుకుంటున్నాను, ఇంకెవరైనా ముందే కనిపెట్టి ఉంటే నా దగ్గర నేర్చుకున్నవాళ్లే అయివుంటారు. రెండో వారం ఇలా పెట్టాను:

'సాగర్ నుంచి వచ్చే బస్సులో ముప్పై రెండు మంది ఎక్కారు. దారిలో బస్సు ఎక్కడా ఆగలేదు. మాచర్లలో ముప్పై మూడు మంది దిగారు. బస్సులో బిడ్డ పుట్టలేదు. ఆ ముప్పై మూడో మనిషి ఎవరు? మిగతాది బ్లాగులో చదవండి.'

సాయంత్రానికి ఊరు ఊగిపోయింది. టీ కొట్లో అదే మాట, మంగలి షాపులో అదే మాట. బస్సు టాపు మీద నిద్రపోయినవాడని ఒకరు, దొంగని ఒకరు, దయ్యమని ఒకరు. నేను గర్వంగా బ్లాగు తెరిచాను. ఇరవై ఆరు.

మర్నాడు పొద్దున్నే మార్తమ్మ ఇంటికి పోతే గేటు ముందు చెప్పులే చెప్పులు. ఆమె ఇల్లు బస్టాండు పక్కనే. బస్సు కోసం ఆగినవాళ్లందరూ వరండాలో కూర్చుని ఉన్నారు. బెల్లంకొండ నుంచి వచ్చిన వీరరాఘవమ్మ అనే పెద్దావిడ కొంగులో ఫోను మూటగట్టుకుని ముందు వరసలో ఉంది.

"ఏమే మార్తా, ఆ ముప్పై మూడోవాడు ఎవడే? రాత్రంతా నిద్ర లేదు."

మార్తమ్మ చెప్పింది. వాళ్లు అది విన్న తర్వాత ఇంకో కథ చెప్పమన్నారు.

నేను ఆగలేకపోయాను. "అవ్వా, కింద లింకు ఉందిగా. నొక్కితే మొత్తం వస్తది. ఇంతదూరం ఎందుకు రావటం?"

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "లింకు నొక్కొద్దని నువ్వేగా చెప్పింది."

నిజమే. మూడేళ్ల కిందట ఎవడో లింకు పంపి సందులో నలుగురి ఫోన్లు పాడుచేస్తే, నేను కొట్టు ముందు పెద్ద బోర్డు పెట్టించాను, 'ఏ లింకూ నొక్కవద్దు, ఎవరు పంపినా నొక్కవద్దు' అని. రీచార్జికి వచ్చిన ప్రతి మనిషికీ నోటితో కూడా చెప్పాను. చెప్పిన మాట జనం వినరని నేను చాలాకాలం బాధపడ్డాను. విన్నారు. పల్నాడు మొత్తం విన్నది. ఇప్పుడు నేనే పంపితే నొక్కటం లేదు.

వెంటనే అన్ని గ్రూపుల్లో పెట్టాను: 'ఈ ఒక్క లింకు నొక్కవచ్చు. నేను గోపీచంద్‌నే చెబుతున్నాను.' గంటలో డిపో నుంచి ముర్తుజా భాయ్ పరుగున వచ్చాడు. మార్తమ్మ బస్సుకు పందొమ్మిదేళ్లు డ్రైవరు ఆయన.

"గోపీ, నీ ఫోను ఎవడో పట్టుకున్నాడు. నీ పేరుతో లింకు నొక్కమంటన్నాడు. జాగ్రత్త."

"అది నేనే భాయ్."

"వాడూ అట్టానే అంటాడు."

ఆ రోజు నన్ను హెచ్చరించటానికి వచ్చినవాళ్లే నలభై మంది. వచ్చినవాళ్లు ఊరికే పోతారా, మార్తమ్మ వరండాలో కూర్చుని రెండు కథలు విని పోయారు.

ఇక ఇదే వరస. నేను సగం కథ పెట్టడం, జనం మిగతా సగానికి గేటు తొయ్యడం. ఫోన్లు తియ్యండి, ఇక్కడే బ్లాగు తెరిచి చూపిస్తానంటే కొందరు ఇచ్చారు, చాలామంది జేబు మూసుకున్నారు. బ్లాగు నూట డెబ్భై దగ్గర కుంటుతోంది. వరండాలో బెంచీ చాలక చర్చి నుంచి చాపలు తెచ్చారు. బ్లాగు పెరిగిందా, తరిగిందా, నేను చేస్తున్నది పనా, చెరుపా, ఏదీ తేలలేదు. నెలాఖరు ముందురోజు అంకె రెండు వందల పన్నెండు.

మార్తమ్మ ముఖం చూడలేకపోయాను. "అత్తా, నా కొట్లో రిపేరుకొచ్చిన ఫోన్లు ముప్పై ఉండాయి. ఒక్కోదాంట్లో హిస్టరీ చెరుపుకుంటా ఇరవై ఏడుసార్లు తెరిస్తే వెయ్యి దాటిపోద్ది. పొద్దుటికల్లా అయిపోద్ది."

ఆమె చీపురు పక్కన పెట్టింది. "ఎక్కనోళ్లకి టికెట్టు కొట్టటాన్ని ఏమంటారో నీకు తెలవదు, నాకు తెల్సు. పుస్తకం రాకపోతే రాకపోయె. నువ్వు ఆ ఫోన్లు ముట్టుకుంటే నా గడప తొక్కమాక."

మర్నాడు చెన్నకేశవులు నరసరావుపేట నుంచి బస్సు దిగి నేరుగా వచ్చాడు. వరండాలో అప్పటికే పాతిక మంది. ఆయన చెప్పులు విడవటానికి చోటు వెతుక్కున్నాడు. నేను ఫోను చూపించాను. ఆయన పెదవి విరిచాడు.

"రెండు వందల పన్నెండు. వెయ్యన్నాను గదా అమ్మా."

మార్తమ్మ లోపలికి పోయి, ట్రిప్పు షీటులాగా గీతలు కొట్టిన కాగితాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తారీకు, పొద్దున ఎంతమంది, మధ్యాహ్నం ఎంతమంది, సాయంత్రం ఎంతమంది. మనుషులు గడప దాటి వస్తుంటే లెక్కపెట్టకుండా ఉండటం ఆమె వల్ల కాలేదట. కింద మొత్తం: వెయ్యీ నలభై ఆరు.

"వచ్చినోళ్లే మళ్లీ వస్తే కలపలా," అంది. "కొత్తోళ్లనే రాశా."

చెన్నకేశవులు కాగితాన్నీ ఫోన్నీ మార్చి మార్చి చూశాడు. "వీళ్లు విన్నోళ్లు. నేనడిగింది చదివినోళ్లని. విన్నాక మళ్లీ పుస్తకం కొంటారా? లేక విన్నారు కాబట్టే కొంటారా? ఇది ఏ లెక్క కింద వేసుకోవాలో నాకు తెలవటంలా."

"నాకూ తెలవదండి. నేను మనుషుల్నే లెక్కెట్టా."

ఆయన లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "సరే గానీ, ఆ ముప్పై మూడో మనిషి ఎవరు?"

నేను తెల్లబోయాను. "మీరు కూడా లింకు నొక్కలేదా?"

"మా అమ్మాయి నొక్కొద్దందయ్యా."

మార్తమ్మ బైబిలు తెచ్చి, మధ్యలోంచి చిన్న టికెట్టు తీసింది. "నా ఆఖరి ట్రిప్పు సారూ. ముప్పై రెండు మంది ఎక్కారు. ఇరవై ఎనిమిదేళ్లలో నన్ను నేను ఏనాడూ లెక్కెట్టుకోలా, కండక్టరు లెక్కలోకి రాదు. ఆ రోజు దారిలో సాగర్ నుంచి మాచర్లకి నాకూ ఒక టికెట్టు కొట్టుకుని, కిటికీ పక్కన కూకున్నా. ముర్తుజా అన్న అద్దంలోంచి చూసి, ఏంది చెల్లీ కూకున్నావు అన్నాడు. 'ప్యాసింజర్ని' అన్నా. మాచర్లలో అందరితో పాటు దిగా."

మిషను టికెట్టు కదా, అక్షరాలు సగం వెలిసిపోయాయి. 'సాగర్' కనిపిస్తోంది, 'మాచర్ల' పోయింది, 'పెద్దలు ఒకరు' అన్నది మసగ్గా ఉంది. చెన్నకేశవులు దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది పూర్తిగా చెరిగిపోకముందే ఫొటో తియ్యాలి. అట్ట మీద ఇదే వేద్దాం. 'మాచర్ల' చెరిగిపోయిన చోట నీ పేరు వస్తది."

వరండాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వీరరాఘవమ్మ మాత్రం, "అట్టయితే ఇంకో కథ చెప్పవే, నా బస్సుకి టైముంది," అంది.

పుస్తకం ఉగాదికి వచ్చింది. నా లింకుల వల్ల వచ్చిందో, నా బోర్డు వల్ల జనం లింకులు నొక్కక వచ్చిందో నేటికీ నాకు తేలలేదు. రెండిట్లో ఏదైనా ఘనత నాదే కాబట్టి కొట్టు ముందు 'బ్లాగులకు జనం తెప్పించబడును' అని ఇంకో బోర్డు వేయించాను. పాత బోర్డు పక్కనే. చెన్నకేశవులు పోయిన మర్నాడు బ్లాగు అంకె రెండు వందల పదమూడు అయింది. ఆయనేననుకుని ఫోను చేశాను. తాను ఇంకా నొక్కలేదన్నాడు. మార్తమ్మనడిగితే, "దిగినోడెవడో దిగాడు, ఎక్కినోడెవడో ఎక్కాడు, నీకెందుకురా," అంది. ఆ ఒక్కరు ఎవరో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.