కిటికీలు మూసిన షాపులో నా ఊపిరి

నాకు జబ్బు మొదలైన సంగతి ఒక వాదన మధ్యలో తెలిసింది. పెద్దముడియం నుంచి వచ్చిన ఒక రైతు, తలుపుకు వేపచెక్క చాలు, టేకు దండగ అంటున్నాడు. ఎందుకు దండగ కాదో చెప్పడం మొదలుపెట్టి నేను సగంలో ఆగిపోయాను. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది, దాన్ని బయటికి నెట్టడానికి ఊపిరి లేదు. ఆయన నా మొహం చూసి, "సరేలేమ్మా, నువ్వు చెప్పిందే కానీ" అన్నాడు. అంత తేలిగ్గా నేనెప్పుడూ ఎవరి మీదా గెలవలేదు. ఆ రోజే అనుమానపడాల్సింది.

మాది జమ్మలమడుగులో తలుపులు, ద్వారబంధాలు చేసే చిన్న షాపు. మా ఆయన పెట్టింది. ఆయన గుండెపోటుతో పోయాక నేనే నడుపుతున్నాను. బి.ఎస్సీ. చదివి రంపం మిషన్ పట్టుకోవడమేంటని ప్రొద్దుటూరులో మా పుట్టింటివాళ్ళు అడిగారు. బి.ఎస్సీ. చదివి ఇన్నేళ్ళు పొయ్యి ఊదితే మాత్రం వాళ్ళకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

అవి పార్టీ గొడవల రోజులు. మందం తలుపులకు గిరాకీ ఎక్కువ. ఎందుకో మా జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఊరిమీద పడ్డవాళ్ళు తలుపు పగలగొడితే లోపలి మనిషి మిగలడు, అందుకు. మా షాపు పక్క సందు రెండు పార్టీలకు సరిహద్దు. మా ఆయనది ఒక పార్టీ, సందుకు అవతల ఉండే ఓబులమ్మ కొడుకులది ఇంకో పార్టీ. ఒకసారి ఎలక్షన్ల ముందు ఆ సందులో బాంబు పడింది. వెంటనే మా ఆయన సందువైపు ఉన్న రెండు కిటికీలకూ కడప బండలు నిలబెట్టి సిమెంటుతో మూయించాడు. మా వైపు దాన్ని భయం అనరు, ఇల్లు కట్టే పద్ధతి అంటారు. మిగతా రెండు గోడలూ పక్క షాపులతో ఉమ్మడి. గాలి రావాలంటే ముందున్న షట్టరే దిక్కు. గొడవలున్న రోజున అదీ దించేవాళ్ళం. ఆ గదిలో రంపం, చిత్రిక మిషన్, శాండింగ్ మిషన్ తిరిగేవి. కింద పడిన పొట్టు ఊడ్చేవాళ్ళం. గాలిలో తేలేది ఎటు పోతుందని ఎవరమూ ఆలోచించలేదు.

మా దగ్గర పనిచేసే మస్తాన్‌కు కువైట్ వీసా వచ్చింది. పోయే ముందు, "అక్కా, ఆ శాండింగు మిషన్ నువ్వు ముట్టుకోవాకు, శానా దుమ్ము" అన్నాడు.

"మరి కువైట్ నుంచి నువ్వు చేస్తావా?"

"నీతో మాట్లాడలేనక్కా" అని నవ్వి పోయాడు. ఆ తర్వాత షాపులో మనిషి గొంతు వినపడాలంటే నేనే మాట్లాడుకోవాలి.

పొడి దగ్గు సాయంత్రమయ్యేసరికి ఎక్కువయ్యేది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుండేది. వీధి చివర ఆర్.ఎం.పి. యాంటీబయాటిక్ ఇచ్చాడు, సిరప్ ఇచ్చాడు, సూది వేశాడు. దగ్గు వదలకపోయేసరికి వీధి నాకు టి.బి. ఖాయం చేసింది. వరసకు పిన్నమ్మ అయ్యే ఆవిడ తన ఇంట్లో నాకు నీళ్ళు ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చి, తాగాక పారేయమంది. మా ఆయన ఉన్నప్పుడు మా ఇంట్లో లెక్కలేనన్ని టీలు తాగిన పార్టీవాళ్ళు ఓట్ల కోసం వచ్చి, షట్టర్ బయటే నిలబడి మాట్లాడి పోయారు.

ప్రొద్దుటూరు ఆసుపత్రికి నేనే బస్సెక్కి పోయాను. ఓ.పి. చీటీ రాసేవాడు నన్నేమీ అడక్కుండానే 'హౌస్‌వైఫ్' అని రాసుకున్నాడు. ఎక్స్‌రే తీశారు, కళ్ళె తీసి స్పుటం టెస్ట్ చేశారు. రెండూ నార్మల్. "టి.బి. లేదమ్మా. మీకు టెన్షన్ ఎక్కువ, అది తగ్గించుకోండి" అన్నాడు డాక్టరు. నా టెన్షన్ సరిగ్గా సాయంత్రం పూటే ఎందుకు వస్తుందని అడిగాను. ఆయన బెల్లు కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

టి.బి. లేదన్న కాగితం చూపిస్తే మా వీధి నమ్ముతుందా? నేనే పులివెందుల పోయి మా చెల్లెలి దగ్గర కొన్నాళ్ళున్నాను. దగ్గు దానంతటదే పోయింది. "మా చీనీ తోటల గాలికి ఏ మందూ సాటిరాదు చూడక్కా" అని చెల్లెలు మురిసిపోయింది. తిరిగొచ్చి మిషన్ వేసిన మరుసటి సాయంత్రానికే దగ్గు నా కోసం కాచుకున్నట్టు వచ్చింది. నాకు అప్పుడన్నా వెలగాలి. వెలగలేదు. ఆ బత్తాయి చెట్లకే మంచి పేరు ఇచ్చేశాను.

ఎలక్షన్ల ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం, ఊరేగింపు వస్తుందని షట్టర్ దించుకుని లోపల తలుపు శాండింగ్ చేస్తున్నాను. ఉన్నట్టుండి ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. షట్టర్ ఎత్తే బలం లేదు. చేతికి దొరికిన చెక్కతో దాన్ని బాదాను. బయట డప్పులు, టపాకాయలు. ఆ చప్పుళ్ళలో నాది ఇంకొక చప్పుడు. చివరికి సందు మొదట్లో పికెట్ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్, ఎవరో షాపు పగలగొడుతున్నారనుకుని లాఠీ ఎత్తి వచ్చాడు. షట్టర్ పైకి లేపి, "నువ్వా తల్లీ, ఏమైంది నీకు?" అన్నాడు. ఆటో ఎక్కించి ప్రొద్దుటూరు పంపాడు.

ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు. నా పక్క బెడ్‌కు టిఫిన్ క్యారియర్లు వస్తుండేవి, పోతుండేవి. నా బెడ్ పక్కన స్టూలు ఖాళీగా ఉందని వాళ్ళే తీసుకుని కూర్చున్నారు.

అక్కడికి కొత్తగా వచ్చిన చెస్ట్ డాక్టరు గుంటూరు వైపు మనిషి. "మీరేం పనిచేస్తారమ్మా?" అని నన్ను అడిగిన మొదటి డాక్టరు ఆయనే. చెప్పాను. ఊరు వదిలితే తగ్గిందా అని అడిగాడు. పులివెందుల సంగతి చెప్పాను. కడప పంపి సి.టి. స్కాన్, పి.ఎఫ్.టి. చేయించాడు. పి.ఎఫ్.టి. అంటే ఊపిరి బలమెంతో కొలవడానికి గొట్టంలోకి ఊదడం. "ఊదు ఊదు ఊదు, ఇంకా ఊదు" అని టెక్నీషియన్ అరిచాడు. ఊపిరి ఉంటే ఇక్కడికెందుకు వస్తాను నాయనా అందామనుకున్నాను, దానికీ ఊపిరి చాల్లేదు.

"ఆక్యుపేషనల్ ఆస్తమా" అన్నాడు డాక్టరు రిపోర్టులు చూసి. "పని వల్ల పట్టిన ఆయాసం. చెక్క దుమ్ముతో వచ్చింది. కిటికీలు తెరిచి పని చేసుకోకూడదా అమ్మా?"

"మీ గుంటూరులో తెరవండి సార్. మా సందులో తెరిస్తే ఈ జబ్బుదాకా ఆగక్కర్లేదు."

ఆయన చీటీ ముందుకు లాక్కున్నాడు. "అయితే షాపు మూసేయండి. ఇన్‌హేలర్ రాస్తాను. రివ్యూకు రండి. అప్పటికి పి.ఎఫ్.టి. ఇంకా పడిపోతే మీతో నేను వాదించను, మీ లంగ్సే వాదిస్తాయి."

షాపు మూస్తే నేను పుట్టింట్లో వదినలకు వండిపెట్టాలి. ఊపిరి మిగులుతుంది, అది తీసుకునే మనిషి మిగలదు. నాకు రెండూ కావాలి.

డిశ్చార్జ్ అయ్యాక ప్రొద్దుటూరులో బస్టాండుకు నడుస్తుంటే ఒక పప్పు మిల్లు ముందు నిలబడిపోయాను. మిల్లు మీద పెద్ద రేకు గరాటు. బ్లోయర్ లాగిన గాలి అందులోకి పక్కనుంచి దూరి గిరగిరా తిరుగుతుంది. బరువైన పొట్టు అంచులకు తగిలి, జారి కిందికి దిగుతుంది. గాలి మధ్యలో ఉన్న గొట్టంలోంచి పైకి పోతుంది. కాలేజీలో పరీక్ష కోసం చదివి మరిచిపోయిన అపకేంద్రబలం పాఠం నా నెత్తిమీద తిరుగుతోంది. పొట్టును అట్లా వేరు చేస్తే చెక్క దుమ్మును ఎందుకు చేయకూడదు?

రేకుల పని చేసే ఖాదర్ భాయ్ దగ్గరికి కాగితం మీద బొమ్మ గీసుకుని పోయాను. "ఇంత పెద్ద గరాటు ఏందికమ్మా? ఊరికంతా కిరసనాయిలు పోస్తావా?" అన్నాడు. కానీ బొమ్మలో ఉన్నట్టే చేశాడు. మూతపడిన ఒక నూనె మిల్లులో పాత బ్లోయర్ దొరికింది. మిషన్ల నుంచి గరాటు పక్కకు ఒక గొట్టం, గరాటు పైనుంచి బ్లోయర్‌కు ఇంకో గొట్టం వేసి, కింద నీళ్ళకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి బిగించాను. మోటారు వేయగానే ఆ లాగుడుకు డ్రమ్ము నలిగిపోయి లోపలికి ముడుచుకుంది. ఇనుప డ్రమ్ము తెచ్చాను. అతుకుల దగ్గర గాలి దూరితే పొట్టు కిందికి దిగకుండా మళ్ళీ పైకి లేస్తుంది. సైకిల్ ట్యూబు కోసి ప్రతి అతుక్కీ చుట్టాను. అన్నీ ఒక్కదాన్నే, మధ్యమధ్య కూర్చుంటూ. బ్లోయర్‌లోంచి వచ్చే గాలికి ఒక గుడ్డ సంచి కట్టాను. డ్రమ్ము నిండుతుంటే చూసి పొంగిపోయాను. చూపించడానికి ఎవరూ లేరు గనక నేనే చాలాసేపు చూశాను.

రివ్యూలో పి.ఎఫ్.టి. ఇంకా పడిపోయింది.

డాక్టరుకు నా యంత్రం సంగతంతా చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు. "బ్లోయర్ గాలిని చివరికి ఎక్కడ వదులుతుంది?"

"గదిలోనే. గుడ్డ సంచి కట్టాను కదా."

"డ్రమ్ములో పడేదాన్ని మీ ముక్కు కూడా ఆపుతుందమ్మా. ఆ గుడ్డలోంచి బయటికొచ్చేదే మీ లంగ్స్‌లోకి పోయేది. దాన్ని మోటారు పెట్టి మరీ గదంతా చల్లుతున్నారు." స్టెరాయిడ్ మాత్రలు రాసి, ఇంకొక్క రివ్యూ చూస్తానన్నాడు. అప్పటికీ పడిపోతుంటే షాపు మూయాల్సిందే.

గాలి గది బయటికి పోవాలి. షట్టర్ ఎప్పుడు దించాల్సి వస్తుందో తెలియదు గనక దానికున్నది సందువైపు గోడ ఒక్కటే. సంచి విప్పేసి, మూసిన కిటికీ బండకు మేస్త్రీతో గుండ్రంగా రంధ్రం వేయించి, పైపు బయటికి పెట్టించాను. పైపు మూతి తిన్నగా ఓబులమ్మ వాకిలి వైపు చూస్తోంది. ఆ సంగతి నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి. నా బుర్రంతా ఊపిరి మీదే ఉంది.

మరుసటి పొద్దున సందులో జనం. ఓబులమ్మ పెద్దకొడుకు పికెట్ పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. ఎస్.ఐ. కూడా వచ్చాడు.

"ఏంది సరోజమ్మా ఇది, మా వాకిలికి గురిపెట్టినావు?" అన్నాడు పెద్దకొడుకు.

"దుమ్ము గొట్టమప్పా. లోపలికొచ్చి చూడు."

"లోపలికి రమ్మంటాంది చూడు సార్. అంత తిక్కోని మాదిరి కనపడతాండానా?"

ఎస్.ఐ. లోపలికొచ్చి డ్రమ్ము మూత తీయించి చూశాడు. నేను మోటారు వేశాను. బయట పైపులోంచి సన్నటి పొడి ఎగిరి, గుమిగూడినవాళ్ళ చొక్కాల మీద పడింది. జనం ఒక్కసారిగా వెనక్కి దూకారు. మేము సందులోకి వచ్చేసరికి ఓబులమ్మ తన ఇంట్లోంచి బయటికొచ్చింది. ఆ కిటికీలు మూసినప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. అంతకు ముందు నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని.

"తుపాకి కాదని నాకు తెలుసులేమే. ఆ పొడంతా నా ఇంట్లోకి వస్తే, నీ దగ్గు నాకిస్తావా?"

ఆమె అడిగింది న్యాయం. "పైకి తిప్పుతానత్తా, మిద్దె దాటించి" అన్నాను.

"ఎంత పైకి?" అన్నాడు ఎస్.ఐ.

"ఏ పార్టీ లేనంత పైకి సార్."

పైపును వంపు పెట్టి మిద్దె కంటే ఎత్తుకు లేపాను, వాన పడకుండా రేకు టోపీ పెట్టాను. సందులోకి పొడి దిగడం లేదని ఓబులమ్మ నాలుగు రోజులు వాకిట్లో నిలబడి చూసుకుంది.

తర్వాతి రివ్యూలో డాక్టరు రెండు పి.ఎఫ్.టి.లు పక్కపక్కన పెట్టి చూశాడు. "పోయింది మొత్తం తిరిగిరాదు. పడిపోవడం ఆగింది. షాపు నడుపుకోండి, ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు."

ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్ పీలుస్తాను. శాండింగ్ చేసేటప్పుడు మాస్కు పెట్టుకుంటాను. టి.బి. కాదని మా వీధికి ఎవరు చెప్పినా ఎక్కలేదు. పిన్నమ్మ గ్లాసు మారలేదు, నేనే పోవడం మానేశాను. వానాకాలంలో ఒళ్ళు బాగాలేక మిషన్ వేయని రోజున సందు అవతల్నుంచి ఒక గొంతు వస్తుంది.

"ఏమే, ఈ పొద్దు మిషన్ చప్పుడే లేదు. సచ్చినావా ఉండావా?"

"ఉండానులే అత్తా."

"ఉంటే సరేలే." అంతే. ఆమె ఇటు రాదు, నేను అటు పోను. రోజు మొత్తంలో నన్ను ఎవరన్నా అడిగే మాట ఒక్కోసారి అదొక్కటే.

ఇట్లాంటి పనిచేసే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఏ గరాటన్నా పెట్టుకోండి, ఏ డ్రమ్మన్నా బిగించుకోండి, డ్రమ్ము నిండుతోందని మాత్రం ధైర్యపడొద్దు. మోటారు వేసి, గదిలో లైటు ఆర్పి, చేతిలో టార్చి వెలిగించి చూడండి. ఆ వెలుతురు చారలో సన్నటి పొడి తేలుతూ కనపడితే, గాలి పైపును గది బయటికి తీయండి. ఏ గోడకు రంధ్రం వేయాల్సి వచ్చినా సరే, ముందు అవతలి ఇంటివాళ్ళతో మాట్లాడి వేయండి.