వీధి నిచ్చెన

ఆ వీధిలో వడ్రంగి పెద్దాయన చెయ్యి పడని గుమ్మం లేదు. చదివింది పల్లె బడిలో నాలుగు ముక్కలే అయినా, ఇంజనీర్ల ఇళ్లకు తలుపులు బిగించిన మనిషి. బడి బల్లలు ఆయనవే. గ్రంథాలయం బీరువాలు ఆయనవే. ఈనాటికీ ఒక్క తలుపూ వాలలేదు.

అన్నిటికన్నా ఆయనకు గొప్ప, తన ప్రహరీకి ఆనించిన టేకు నిచ్చెన. అది వీధి మొత్తానిది. కావలసినవాళ్లు అడగకుండా పట్టుకుపోవాలి, పని కాగానే తెచ్చి పెట్టాలి. ఎవరైనా అడిగితే, "నాదా ఏంటి, నన్నడగడానికి?" అని కసురుకునేవారు.

ఆ సాయంత్రం గోడ దగ్గర నిచ్చెన లేదు. దీపాలు పెట్టే వేళయినా రాలేదు.

ఆయనకు మొదట ఆ వీధిలోనే ఉండే మందుల షాపతని మీద అనుమానం వచ్చింది. వెళ్లి తలుపు తట్టారు. ఈ మధ్య వీధంతా, వచ్చిందెవరో లోపల్నుంచే చూసుకోడానికి తలుపులకు కన్నాలు పెట్టించుకుంది, పెట్టింది ఈయనే. కన్నం వెనక ఏదో కదిలింది. తలుపు బెత్తెడు తెరుచుకుని, గొలుసు తీయకుండానే మాట వచ్చింది.

"నిచ్చెనా? నన్నడుగుతారేంటి బాబాయ్? దొంగలా కనిపిస్తున్నానా?"

"దొంగవన్నానా నేను?"

"అనలేదు. గొంతు అంటోంది."

తలుపు మూసుకుంది. ఏమీ లేకపోతే అంత ఉలుకెందుకు అనుకుంటూ ఆయన వెనుదిరిగారు. ఆ పక్కింట్లోకి కొత్తగా అద్దెకు దిగిన నర్సు వరండాలో నిచ్చెన కనిపించింది.

"ఏమ్మా, ఇది నీదా?"

"మీదే తాతగారూ. నీళ్ల ట్యాంకు పొంగిపోతుంటే అడుగుదామని మీ తలుపు కొట్టాను. కన్నంలోంచి చూసి కూడా తియ్యలేదు మీరు."

చూసిన మాట నిజమే. "ముక్కుకి గుడ్డ కట్టుకొస్తే ఎవరనుకోను?"

"ఆస్పత్రి నుంచి అలాగే వచ్చేశాను."

"పని అయ్యాకైనా గోడకి పెట్టాలిగా?"

"ఊరికే వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోరూ? అందుకే నా దగ్గరుంచాను."

నా నిచ్చెన నా వీధిలో ఎవరెత్తుకుపోతారు అనబోయి ఆగిపోయారు. ఇంతసేపూ తను వెతికింది దొంగనే. మందుల షాపతని మీద అనుమానం మాత్రం ఇంకా పోలేదు. ఈమెకు నిచ్చెన చూపించింది అతనే అయ్యుంటాడు.

నిచ్చెన భుజానికెత్తుకుని ఇంటికొచ్చారు. భార్య ఊపిరి పీల్చుకుంది.

"దొరికిందిగా, దాని చోట పెట్టెయ్యండి."

"బయటా? ఇంక బయట పెట్టను."

లోపలికి తోశారు. నడవ మలుపులో అడ్డం పడింది. ఎటు తిప్పినా తిరగలేదు. ఆయన రంపం తీశారు.

"అయ్యో, అదేం పనండీ! సగం నిచ్చెన ఎవరికి పనికొస్తుంది?"

"ఎవరికీ పనికిరాదు," అన్నారు రంపం ఆనిస్తూ. "ఎవరూ పట్టుకుపోరు."