చందమామ మాస్టారి అమావాస్య బ్యాచ్

చందమామ మాస్టారికి మనిషి కనబడితే చాలు, ఆ మనిషి పుట్టిన రోజున చంద్రుడు ఎంత మిగిలి ఉన్నాడో తేల్చుకోందే నిద్ర పట్టదు. పోనీ ఆయన జాతకాలు చెప్పే పండితుడా అంటే కాదు, డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. స్కూలంటే మెట్ల కింద ఒక గది, రెండు కుర్చీలు, రంగు వెలిసిన ఒక కారు. ఆ కారుని అమావాస్యకో పౌర్ణమికో కడుగుతారు. ఆయన విషయంలో ఇది సామెత కాదు, టైంటేబులు.

"క్లచ్చికీ చంద్రుడికీ ఏమిటండీ సంబంధం? అమావాస్యకీ అబ్దుల్ ఖాదరుకీ ఉన్నంత కూడా లేదే!" అని ఎవరైనా అంటే మాస్టారు జాలిగా చూస్తారు.

"సముద్రాన్నే లేపి కూర్చోబెట్టేవాడికి నీ ఎడం కాలు ఒక లెక్కటయ్యా?"

ఆయన లెక్క ప్రకారం శుక్లపక్షంలో పుట్టినవాళ్ళ కాలు యాక్సిలరేటరు దిగదు. కృష్ణపక్షం వాళ్ళు బ్రేకు మీదే కాపురం పెడతారు. అష్టమి వాళ్ళు సగం చంద్రుళ్ళు కనక రోడ్డు మధ్య గీతకి అటు సగం, ఇటు సగం నడుపుతారు. పౌర్ణమి వాళ్ళు ఎదుటివాడి కళ్ళు పోయినా సరే పెద్ద లైట్లు ఆర్పరు. ఒకసారి ట్రాఫిక్ పోలీసు కారు ఆపితే మాస్టారు అద్దం దించి, "తమరు చవితా?" అని వినయంగా అడిగారు. పోలీసు ఒళ్ళు మండి, నడిరోడ్డు మీద అరగంట నిలబెట్టాడు. "చవితే!" అన్నారు మాస్టారు, తృప్తిగా.

అలాంటి మనిషి దగ్గరికి ఒక నర్సమ్మ వచ్చింది. ఎంత మొండి రోగికైనా మాటల్లో పెట్టి ఇట్టే సూది గుచ్చేసే ఘటికురాలు. స్టీరింగు ముట్టుకుంటే మాత్రం ఆ చేతులే గజగజ వణికేవి. ఎదురుగా బస్సు కనబడితే కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు మూసుకోవడంతోనే పరీక్ష రెండుసార్లు తప్పింది. రోగుల ఇళ్ళకి వెళ్ళి చూసివచ్చే ఉద్యోగం ఇస్తామని, కారు కూడా ఇస్తామని ఆస్పత్రివాళ్ళు అన్నారు. ఈసారీ లైసెన్సు రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. వార్డులో రోగి పక్కన నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పే తీరిక ఆమెకి ఏనాడూ దొరకలేదు. అందుకే ఆ ఉద్యోగమంటే అంత ఆశ.

మాస్టారు ఆమె పుట్టినరోజు అడిగారు. కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, ఒక్కసారిగా ఎగిరి గంతేసినంత పని చేశారు.

"అమావాస్య!"

నర్సమ్మ మొహం మాడిపోయింది. "అంటే చీకటేగా మాస్టారూ?"

"ఎవరమ్మా చెప్పింది? అమావాస్య చంద్రుడికి తగ్గడానికి ఇంకేం మిగిలిందని? ఇక పెరగడమే! తాళం తిప్పు."

ఆమె తాళం తిప్పింది. కారు రెండడుగులు గెంతి ఆగిపోయింది.

"ఆగిపోయింది మాస్టారూ."

"అమావాస్య వాళ్ళు ఆగరమ్మా. విశ్రాంతి తీసుకుంటారు. మళ్ళీ తిప్పు."

అలా ఊళ్ళో ప్రతి మలుపులోనూ విశ్రాంతి తీసుకుంటూ నర్సమ్మ కారు నేర్చుకుంది. బస్సు ఎదురైతే "ఇక పెరగడమే, ఇక పెరగడమే" అని గొణుక్కునేది. మొదట ఒక కన్ను తెరిచింది. కొన్నాళ్ళకి రెండోది కూడా తెరిచింది.

ఆమెతో పాటు కవల అన్నదమ్ములు నేర్చుకునేవారు. పెద్దాడు కారెక్కితే విమానం. చిన్నాడు ఎక్కితే విగ్రహం. మాస్టారు పెద్దాణ్ణి పౌర్ణమి అని తేల్చి, "నిండిపోయావురా నాయనా, ఇక తగ్గడమే, నెమ్మదిగా పోనీ!" అని మొత్తుకునేవారు. చిన్నాడిది మాత్రం అమావాస్యట.

నర్సమ్మకి ఒకరోజు అనుమానం వచ్చింది. "మాస్టారూ, ఇద్దరూ ఒక్క పూటే పుట్టారు కదా! పౌర్ణమి పావుగంటలో అమావాస్య ఎలా అయిపోయింది?"

"అమ్మాయ్," అన్నారు మాస్టారు, "అద్దం చూసుకుని రివర్సు తియ్యి."

రివర్సులో పడితే నర్సమ్మకి ప్రపంచం గుర్తుండదు. అనుమానం అక్కడే ఆగిపోయింది.

పరీక్ష రోజు పొద్దున్నే తల్లి కాఫీ ఇస్తూ, "భయపడకే," అంది.

"నాకేం భయం? నాది అమావాస్య పుట్టుక!"

"ఎవడే ఆ కూత కూసింది?" తల్లి చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. "నువ్వు పుట్టినప్పుడు కరెంటు పోయి, కిటికీలోంచి నిండు వెన్నెల పడితే ఆ వెలుగులో నీ మొహం చూసుకున్నానే! పౌర్ణమి నీది!"

నర్సమ్మ కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసింది. పౌర్ణమి అంటే ఇక తగ్గడమే. పరీక్ష జరిగే చోటికి పరుగెత్తి, అందరి ముందూ మాస్టార్ని నిలదీసింది.

"అసలు మీకు లెక్క వచ్చా మాస్టారూ?"

మాస్టారు చెవి గోక్కున్నారు. "వచ్చమ్మా. నువ్వు తేదీ చెప్పగానే పౌర్ణమని తెలిసింది."

"మరి అబద్ధం ఎందుకు చెప్పారు?"

"నిజం చెబితే 'ఇక తగ్గడమే' అనాలి కదా! బస్సుని చూసి కళ్ళు మూసుకునే పిల్లకి ఆ మాట ఎలా చెప్పను? నాకు నోరు రాలేదమ్మా. వణుకుతూ వచ్చిన ప్రతివాళ్ళకీ అమావాస్యే రాసిచ్చాను. ఆ చంద్రుడికి నేను చాలా సంజాయిషీ చెప్పుకోవాలి." ఆయన గొంతు నిజంగానే తగ్గింది. శాస్త్రాన్ని ప్రాణంలా నమ్మిన మనిషి, ఎదుటివాళ్ళ కోసం ఆ శాస్త్రానికే అన్యాయం చేస్తూ వచ్చారు. నర్సమ్మకి కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఇన్నాళ్ళూ క్లచ్చి తొక్కింది చంద్రుడు కాదుగా? వెళ్ళు, పిలుస్తున్నారు."

పరీక్ష పెట్టే ఆఫీసరు నవ్వితే జీతం కోసేస్తారన్నట్టు పక్క సీట్లో కూర్చుని ఉంది. రోడ్డు ఎత్తెక్కే చోట కారు ఠక్కున ఆగింది.

"ఆగిపోయిందేం?"

అలవాటు కొద్దీ నర్సమ్మ నోరు జారింది. "ఆగలేదండీ. విశ్రాంతి తీసుకుంటోంది."

ఆఫీసరు మూతి వంకర తిరిగింది. "చందమామ మాస్టారి దగ్గరేనా నేర్చుకుంది?"

"అవునండీ."

"నాదీ అమావాస్యే," అంది ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తూ. "మళ్ళీ తిప్పండి."

ఎదురుగా బస్సు వచ్చింది. నర్సమ్మ రెండు కళ్ళూ బార్లా తెరిచి, దానికి దారి ఇచ్చి, ఎత్తు ఎక్కేసింది. చిన్నాడూ ప్యాసయ్యాడు. పెద్దాడు మాత్రం ఇక తగ్గడమేనని మరీ తగ్గిపోయి, నడిచివెళ్ళే ముసలమ్మ తనని దాటిపోవడంతో తప్పాడు.

కొత్త కారులో నర్సమ్మ మొదట వెళ్ళింది మోకాలికి ఆపరేషనైన ఒక తాతగారింటికి. తాటిచెట్టంత మనిషి. పడిపోతానన్న భయంతో మంచం దిగనంటున్నాడు.

"తాతగారూ, మీ పుట్టినరోజు ఎప్పుడు?"

ఆయన చెప్పాడు. నర్సమ్మకి ఆ లెక్కలో అ ఆలు కూడా రావు. అయినా కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపులు శ్రద్ధగా లెక్కపెట్టింది.

"అమావాస్య! ఇక పెరగడమే తాతగారూ, లేవండి!"

"ఇంకా పెరగడమేమిటే తల్లీ, ఇప్పటికే గుమ్మం తగులుతోంది!" అంటూనే తాతగారు ఆమె భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు.