సొరంగంలో స్టీరింగ్

నిరుడు వేసవిలో సిద్దిపేట నుంచి కారులో మహారాష్ట్రలోని ఖండాలా వెళ్లాం. నడిపింది నేనే. కొండ సొరంగం కనపడగానే పక్క సీట్లో ఉన్న మావారి అన్న, “ఘాట్ రోడ్డు ఆడోళ్లతోని గాదు, తమ్మునికియ్యి” అన్నారు. వెనక కూర్చున్న మావారికి అసలు డ్రైవింగే రాదు!

సొరంగంలో ఎత్తు మీద ముందున్న లారీ ఆగింది. నేనూ ఆపేసరికి ఇంజను ఆగిపోయి, కారు వెనక్కి జారింది. వెనక హారన్ల మోత. బావగారు స్టీరింగ్ పట్టి లాగారు. బ్రేకు గట్టిగా తొక్కి, “చెయ్యి తియ్యున్రి బావా! భయమైతే గీడనే దిగున్రి!” అని అరిచాను. తీశారు. ఇంజను మళ్లీ స్టార్ట్ చేసి, కారును ఎత్తెక్కించి సొరంగం దాటించాను.

బయట లోయ చూడ్డానికి ఆగాం. “ఇగనన్న తాళం తమ్మునికియ్యి” అన్నారు మళ్లీ. నడపడం రాకున్నా మగాడైతే చాలట! తాళం కొంగున ముడేసుకున్నాను. నేను నడిపేటప్పుడు తప్ప ఇవాళ్టికీ విప్పలేదు.