ముందు బెంచీ గొంతు

మా అమ్మ ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతుంది. తెర మీద పెదవులు ఎవరివైనా గొంతు అమ్మదే.

నా తొమ్మిదో తరగతిలో శనివారం పరీక్ష మార్కులు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, సోమవారం ఆ వరసలోనే మమ్మల్ని కూర్చోబెట్టేవారు. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ల మీద నాకిప్పటికీ కోపమే. ముందు బెంచీలో ఎప్పుడూ ఒకే అమ్మాయి, ఆమె వెనకే నేను. జవాబు నాకూ తెలిసేది. ఆమె జడ కనిపించగానే అది తప్పేమో అనిపించేది, నోరు పెగిలేది కాదు.

అమ్మతో చెప్పుకున్నాను.

"భయమేస్తే నీ గొంతుతో చెప్పకు. ఆ పిల్లవే అయిపో. మేం చేసేది అదేగా" అంది.

నెల రోజులు అద్దం ముందు సాధన చేశాను. మాట మొదలుపెట్టే ముందు ఆమె పీల్చే చిన్న ఊపిరితో సహా పట్టేశాను. ఆ గొంతుతో చెబితే ఒక్క జవాబూ తప్పేది కాదు.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి వాళ్లు టోలిచౌకికి మారిపోయారు. ఆమె మా బడి మానేసింది, ఆమె చోటు నాకిచ్చారు. మర్నాడు లెక్కల సారు బోర్డు మీద రాస్తూ ప్రశ్న అడిగితే నేను జవాబు చెప్పాను.

"జవాబంటే గిట్లుండాలె" అని, వెనక్కి తిరగకుండానే ఆ అమ్మాయి పేరు పిలిచారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నేనూ కాదనలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పైకి చదువుకుంటుంటే వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"ఎవరొచ్చారే?"

నేనేనమ్మా అనబోయాను. మాటకంటే ముందు ఆ చిన్న ఊపిరి వచ్చింది.