పక్కనుంచి పడిన ఎండ

ఉమాశంకర్ ఒక బెంగాలీ ఊరి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాక, అక్కడే మలంచా పేటలో చిన్న ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. పెళ్లిళ్ల ఫోటోలు బతుకు కోసం తీసేవాడు. అతని ఇష్టమంతా సాయంత్రపు ఎండలో మనుషుల ముఖాలు తీయడమే. "మిట్టమజ్జానం ఎండ కళ్ల కింద గుంటలు సేస్తాది. పొద్దు వాలినాక తియ్యాల" అనేవాడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో అతని పక్క లైన్లో సూసన్న ఉండేది. బడిలో ఆయా. పంతొమ్మిదేళ్లప్పుడు కిరోసిన్ స్టవ్ పేలి ఆమె ఎడమ చెంప కాలింది. చర్మం ముడుచుకుపోయి గట్లు కట్టింది. యాభై దాటాక, ఒక డిసెంబరులో ఆమె స్టూడియోకి వచ్చింది.

"అన్నా, గోడకెట్టుకుందుకు నా ఫోటో ఒకటి తీస్తావేటి? ఈ సెంప మరీ అవుపించకుండా."

"దానికేటమ్మా! రేపు నాలుగున్నరకి గ్రౌండుకి రా."

మర్నాడు ఆమెను సూర్యుడికి ఎదురుగా నిలబెట్టాడు. వాలిన ఎండ సూటిగా పడేసరికి మచ్చలోని పల్లాలన్నీ వెలుగుతో నిండి చెంప నునుపుగా కనబడింది. పది ఫోటోలు తీశాడు. ఆమె నవ్వింది కూడా.

అక్కడితో ఆపవలసింది. పొద్దు ఇంకా దిగి ఎర్రబడుతుంటే అతని చేతులు ఊరుకోలేదు.

"కాస్త ఎడమేపుకి తిరుగమ్మా. ఇంకొక్కటే."

ఈసారి ఎండ పక్కనుంచి చెంపను ఒరుసుకుంటూ పోయింది. ఒక్కో గట్టు వెనకా ఒక్కో నీడ లేచింది. అంత గొప్ప ఫోటో తన జన్మలో తీయలేదని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

ఆమెతో ఒక మాటైనా చెప్పకుండా దాన్ని ఊళ్లోని ఒక ఫోటో క్లబ్బు ప్రదర్శనకు పంపాడు. మొదటి బహుమతి వచ్చింది. క్లబ్బు వాళ్లు ఆ ముఖాన్నే పోస్టర్ వేసి ఝపటాపూర్ నుంచి మలంచా దాకా ఊరంతా అంటించారు.

పోస్టర్ల సంగతి తెలిసి ఉమాశంకర్ సూసన్న ఇంటికి బయల్దేరాడు. మొదట తీసినవాటిలో ఒకదానికి ఫ్రేము కట్టించి తీసుకెళ్లాడు. సూసన్న గుమ్మంలోనే నిలబడి దాన్ని చాలాసేపు చూసింది.

"బాగుంది. ఇదీ నువ్వే తీసినావు, బస్టాపులో ఉన్నదీ నువ్వే తీసినావు. ఏది నా ముకమని నమ్మాల అన్నా?"

"తప్పైపోనాది, సూసన్నా."

"ఇన్నాళ్లూ నన్ను సూసినోళ్లు కళ్లు దించేసుకునేవోరు. ఇప్పుడు ఆటో ఆపి మరీ సూస్తన్నారు."

ఫ్రేము అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అతను బకెట్‌తో నీళ్లు, ఇనుప రేకు పట్టుకుని పోస్టర్లు గీకడం మొదలుపెట్టాడు. "ఖూబ్ భాలో ఛొబి, దాదా! ఇంత మంచి ఫోటో ఎందుకు తీసేస్తున్నారు?" అని ఒక బెంగాలీ దుకాణదారు అడిగాడు. ఉమాశంకర్ పక్క గోడమీది పోస్టరు తడిపాడు. మధ్యాహ్నానికి చేతికందినవన్నీ పోయాయి. మిగిలినవి ఎక్కడెక్కడ ఉన్నాయో క్లబ్బు వాళ్లకే సరిగా తెలియదు. ఫోన్లలోకి వెళ్లిపోయినవాటిని గీకడానికి దారి లేదు.

బహుమతి తిరిగి ఇచ్చేశాడు. సూసన్న మాత్రం అతనితో మళ్లీ మాట్లాడలేదు. ఇప్పుడు బడికి వెనక సందులోంచి వెళుతోంది, కొంగు చెంపమీదికి లాక్కుని.